డడ్లీ సంతతి: కొమార్తెల శాఖలు

1860వ సంవత్సరము జనవరి నెలలో బోస్టన్ నగరపు 'అట్లాంటిక్ మంత్లీ' పత్రికయందు ఒక నవల భాగములుగా వెలువడ నారంభించెను. కర్త ఆలివర్ వెండెల్ హోమ్స్. ఆయన వృత్తిచే వైద్యుడు, హార్వర్డు కళాశాలలో శరీరశాస్త్రాచార్యుడు, చమత్కార రచనలకు పేరుగన్నవాడు. ఆ నవలలోని మొదటి ప్రకరణమునకు ఆయన యుంచిన శీర్షిక మనకు మిక్కిలి వింతగా దోచును: న్యూ ఇంగ్లండునందలి బ్రాహ్మణకులము! మన దేశపు మాట రెండు సముద్రములు దాటిపోయి, ఆ యూరి విద్వత్కుటుంబములకు బిరుదమై కూర్చుండెను. తరతరములుగా కళాశాలలో చదివి, మతాచార్యులుగను న్యాయవాదులుగను వైద్యులుగను వర్ధిల్లిన యిండ్లు కొన్ని యున్నవనియు, ధనము వారి లక్షణము కాదనియు, విద్యయందలి నేర్పు వారికి పుట్టుకతోనే సంక్రమించుననియు ఆయన యభిప్రాయము. ఆ మాట నాటినుండి నేటివరకును ఆ దేశమున వాడుకలోనే యున్నది.

పుట్టుక మనుష్యున కేమి యిచ్చును, ఏమి యీయజాలదు అను ప్రశ్న మన యిండ్లలో నిత్యము వినబడునదే. కావున ఆ దేశపు బ్రాహ్మణకుటుంబ మొకదానిని పట్టుకొని, మొదట ఓడ దిగిన పురుషునినుండి క్రిందికి నడచివచ్చుట వ్యర్థశ్రమ కాదని తలచి యీ వ్యాసము వ్రాయుచున్నాను. హోమ్సు పూర్వులలో ఒకడైన తామస్ డడ్లీయే ఆ మూలపురుషుడు.

డడ్లీ 1576లో ఇంగ్లండున నార్తాంప్టన్ మండలములోని యార్డ్లీ హేస్టింగ్సు గ్రామమున జన్మించెను. తండ్రి యుద్ధమున మడియగా, చిన్నతనముననే దిక్కులేనివాడయ్యెను. పెరిగి పెద్దవాడై లింకన్ ప్రభువు దివాణమున వ్యవహారకర్తగా చేరి, అప్పులలో మునిగియున్న ఆ సంస్థానమును ఒడ్డునకు జేర్చెను. లెక్కలయందు గట్టివాడు, మాటయందు కఠినుడు, మతమున ప్యూరిటను. ఇంగ్లండు ప్రభుత్వ మతమున మిగిలియున్న ఆడంబరములనెల్ల కడిగివేసి దానిని శుద్ధి చేయవలయునని పట్టుపట్టిన వర్గమునకు ఆ పేరు. రాజును మఠాధిపతులును తమ్ము బ్రదుకనీయరని తెలిసికొని వారిలో పలువురు 1630లో జాన్ విన్‌త్రాప్ నాయకత్వమున అమెరికాకు తరలిరి. వారి ముఖ్యనౌక 'అర్బెల్లా'లో డడ్లీ కుటుంబముతో బయలుదేరెను. అప్పటికి ఆయనకు 53 ఏండ్లు. మనలో ఆ ప్రాయమువారు కాశీయాత్ర తలపెట్టుదురు. ఆయన క్రొత్త రాజ్యమును నిర్మింపబోయెను.

మసాచుసెట్సు వలసరాజ్యమునకు డడ్లీ నాలుగుసారులు గవర్నరుగా ఎన్నికయ్యెను. 1650లో హార్వర్డు కళాశాలకు శాసనపత్రమును ప్రసాదించినపుడు గవర్నరు ఆయనయే. ఆ పత్రముపై ఆయన సంతకము కలదు. ఇది గొప్ప పని. కాని 1637లో ఆన్ హచిన్సన్ అను వివేకవతి తన యింట స్త్రీలను గూర్చుకొని మతవిషయములను చర్చించినందుకు ఆమెను విచారించి దేశమునుండి వెడలగొట్టిన న్యాయాధిపతులలో ఉపగవర్నరుగా నుండి తీవ్రముగా ప్రశ్నించినవాడును ఆయనయే. తనకు మతస్వాతంత్ర్యము కావలయునని మహాసముద్రము దాటిన మనుష్యుడు ఇతరులకు మాత్రము దాని నీయ నిరాకరించెను. 1653లో మరణించినపుడు ఆయన జేబులో స్వహస్తముతో వ్రాసికొన్న పద్యములు దొరకినవి. పరమతసహనమును పెంచి పోషించువారిని కనిపెట్టి యుండుడని సజ్జనులను హెచ్చరించుట వాని సారాంశము. కడపటి యూపిరి వరకును ఆయన మనస్సు మారలేదు.

ఆయన వంశీయులలో కొందరు తమకు ఇంగ్లండులోని డడ్లీ ప్రభువులతో సంబంధము నెలకొల్పుటకు చాల శ్రమపడిరి; సంబంధ మిదియని యెవ్వరును ఋజువు చేయలేకపోయిరి. సంపద కలిగిన పిమ్మట పూర్వులకు గుఱ్ఱములను, కోటలను కట్టబెట్టుట అన్ని దేశములందును గలదు.

డడ్లీ పుత్రులలో మిక్కిలి పేరుగన్నవాడు జోసెఫు. తండ్రి 70 ఏండ్ల వయస్సున, ద్వితీయభార్యయందు, 1647లో కలిగినవాడు. రాజు పక్షమున చేరి స్వదేశీయుల ద్వేషమునకు పాత్రుడై, 1689 తిరుగుబాటులో చెరసాలకు బోయి, మరల 1702లో గవర్నరై 1715 వరకు పాలించెను. ఇతని కుమారుడు పాల్ డడ్లీ ప్రధానన్యాయమూర్తి. ప్రకృతిశాస్త్రమున అభిరుచి గలవాడై తిమింగలములను గూర్చి వ్రాసి లండన్ రాయల్ సొసైటీలో సభ్యత్వము పొందెను. ఇంటిపేరు నిలిపిన శాఖ యిది. మన దృష్టితో చూచినచో ఇదియే వంశము. కాని హోమ్సు బ్రాహ్మణకులమున లెక్కింపదగిన ప్రసిద్ధులలో పలువురు ఈ శాఖలో లేరు. వారు కొమార్తెల శాఖలనుండి వచ్చిరి. నేను పాఠశాలలో చరిత్ర బోధించువాడను. మా తరగతి బాలురు రాజుల తండ్రులను, తాతలను వరుసగా అప్పగింపగలరు. తల్లి పేరేమని అడిగినచో పై కప్పు వంక చూచెదరు. వారి పుస్తకములలో ఆ పేర్లు లేనపుడు వారిని నిందించి లాభమేమి?

పెద్ద కొమార్తె ఆన్. 1612లో పుట్టినది. లింకన్ ప్రభువు గ్రంథాలయము బాల్యమున ఆమెకు అందుబాటులో నుండెను. తండ్రి చదువు చెప్పించెను. పదునారవయేట సైమన్ బ్రాడ్‌స్ట్రీటును పెండ్లాడి, పదునెనిమిదవయేట తండ్రితోను మగనితోను ఓడనెక్కెను. అడవులు నరికి ఇండ్లు కట్టుకొను దేశమున, ఎనమండుగురు బిడ్డలను కని పెంచుచు, రాత్రులు దీపము ముందు కూర్చుండి కవిత్వము వ్రాసెను. ఆమె చెల్లెలి మగడు జాన్ వుడ్‌బ్రిడ్జి ఆ వ్రాతప్రతిని ఆమెకు తెలియకుండ లండనుకు గొంపోయి 1650లో అచ్చు వేయించెను. ఇంగ్లీషు అమెరికాలో నివసించిన కవులలో గ్రంథము ప్రకటింపబడినవారిలో మొదటివారెవ్వరన్నచో ఆమెయే. స్త్రీ చేతికి సూదియే తగును, కలము తగదని చెప్పువారి నోళ్లు తన చెవి సోకినవని ఆమెయే తన కవిత్వమున చెప్పుకొన్నది.

ఆమె సోదరి శారా కథ వేరు. వంశచరిత్ర వ్రాయువారు ఈమెను ఒక్క పంక్తిలో దాటింతురు. శారా డడ్లీ ఒక ధనిక వర్తకుని కుమారుడైన బెంజమిన్ కీనును పెండ్లాడెను. 1646 ప్రాంతమున ఆమె సభలలో లేచి మతబోధ చేయ నారంభించెను. స్త్రీ బోధించుటకు చర్చి అంగీకరింపదు. మగడు లండనుకు బోయి, ఈమె నాకు భార్య కాదని ఉత్తరములు వ్రాసెను. విడాకు లైనవి, 1647లో చర్చి ఆమెను వెలివేసెను. తండ్రి ఆ రాజ్యమున మహాధికారి. హచిన్సనును వెడలగొట్టిన న్యాయము పది సంవత్సరములకు ఆయన యింటి గడపనే తొక్కెను. శారా 1659లో గతించెను. వ్రాసినది ఇంటిలో దాచుకొన్న అక్కకు కీర్తియు, నోట పలికిన చెల్లెలికి బహిష్కారమును ప్రాప్తించినవి. ఇరువురి రక్తమొక్కటే, పెంపక మొక్కటే.

ఇంకొక విషయము. ఆన్ భర్త సైమన్ బ్రాడ్‌స్ట్రీటు 1679 తరువాత రెండుమారులు గవర్నరుగా నుండి 1697 వరకు జీవించెను. ఆ పుణ్యపురుషుని యింట హన్నా అను ఒక బానిస స్త్రీయు, బిల్లా అను ఆమె కూతురును ఉండిరి. తల్లీకూతుళ్ల పేర్లు మాత్రమే మిగిలినవి. వంశవృక్షము వ్రాయుట కాగితమును సిరాను బట్టి కాక అధికారమును బట్టి యుండునని ఈ రెండు పేర్లు తెలుపుచున్నవి.

ఆన్ బ్రాడ్‌స్ట్రీటు పెద్దకుమారుడు సామ్యూలు హార్వర్డున చదివి వైద్యుడయ్యెను. ఇతని యింటిని మృత్యువు పగబట్టినట్లు పట్టెను. ఏడాదిన్నర బాలిక ఎలిజబెత్తు 1665లో మరణించెను. 1669 జూనులో మూడేండ్ల ఆన్; ఆ నవంబరులో నెలబిడ్డ సైమన్; మరుసటి సెప్టెంబరులో ఆ బిడ్డల తల్లి మెర్సీ, 28 ఏండ్లు నిండకయే. తన పేరు పెట్టుకొన్న మనుమరాలు పోయినపుడును, కోడలు పోయినపుడును ఆ నాయనమ్మ వ్రాసిన విలాపపద్యములు నేటికిని చదువరుల కన్నులు చెమ్మగిల్లజేయును. ఆ తల్లి కడుపున పుట్టినవారిలో బ్రదికి బట్టకట్టినది తల్లి పేరే పెట్టుకొన్న ఒక్క ఆడుబిడ్డ. ఆమె పెద్దదై కేంబ్రిడ్జి వైద్యుడైన జేమ్సు ఆలివరును వివాహమాడెను. వారి కొమార్తె శారా, డచ్చి వంశీయుడైన బోస్టను వర్తకుడు జాకబ్ వెండెలును పెండ్లాడెను. ఈ దంపతుల సంతానమునుండి రెండు కొమ్మలు సాగినవి. కొమార్తె మార్గరెట్టు ఫిలిప్సు కుటుంబమున కోడలై వెండెల్ ఫిలిప్సునకు నాయనమ్మయయ్యెను. కుమారుడు ఆలివర్ వెండెలు కూతురు శారా మన నవలాకారుడైన హోమ్సునకు తల్లి. 1669 చలికాలమున ఆ యింటిలో మిగిలిన చిన్నారికి జ్వరము తగిలియుండినచో ఈ వ్యాసమునకు విషయమే లేకపోయెడిది.

ఆన్ రెండవకుమారుడైన సైమన్ మతాచార్యుడు. అతని కొమార్తె లూసీ, రెమింగ్టన్ అను న్యాయమూర్తిని పెండ్లాడెను. వారి కూతురు ఆన్, 1776 స్వాతంత్ర్య ప్రకటనపై రోడ్ ఐలండు పక్షమున సంతకము చేసిన విలియం ఎల్లెరీకి భార్య. ఎల్లెరీ కూతుళ్లలో లూసీకి విలియం ఎల్లెరీ చానింగును, ఎలిజబెత్తుకు కవియైన రిచర్డ్ హెన్రీ డేనాయును జన్మించిరి.

చానింగు 1803 మొదలు మరణించువరకు, అనగా 1842 వరకు, బోస్టనులో ఒకే చర్చికి ఆచార్యుడు. 1819లో బాల్టిమోరునందు ఆయన చేసిన ప్రసంగము ఏకేశ్వరవాదులకు ప్రమాణపత్రమైనది. మనుష్యుడు పుట్టుకతోనే పాపి యను ప్యూరిటనుల సిద్ధాంతమును ఆయన తిరస్కరించెను. ప్రతి మానవునియందును దైవాంశ కలదనెను. ఆ వాదమునే ముందునకు గొనిపోయి 1835లో బానిసత్వమును ఖండించుచు గ్రంథము వ్రాయగా, ఆయన చర్చిలోని ధనికులు ముఖము చాటువేసిరి. డడ్లీ జేబులోని పద్యములు ఏ మనుష్యుని గూర్చి హెచ్చరించినవో ఆ మనుష్యుడు ఆయన ఆరవతరమున ఆయన రక్తముననే పుట్టెను.

డేనా కవి కుమారుడు, తండ్రి పేరే గలవాడు, హార్వర్డులో చదువుచుండగా తట్టుసోకి కన్నులు బలహీనపడినవి. వైద్యము మాని 1834లో సామాన్యనావికుడుగా ఓడనెక్కి, దక్షిణ అమెరికా కొనను చుట్టి కాలిఫోర్నియా తీరమునకు బోయి రెండేండ్లకు మరలివచ్చెను. నాయకుడు నావికులను కట్టివేసి గొట్టుట చూచి, వారి పక్షమున నిలువవలయునని నిశ్చయించుకొనెను. 1840లో ఆయన వ్రాసిన సముద్రయానగ్రంథము మిక్కిలి ప్రసిద్ధము. తరువాత న్యాయవాదియై, పారిపోయివచ్చిన బానిసల పక్షమున ధనము గొనక వాదించెను. 1854లో ఆంథొనీ బర్న్సు వ్యాజ్యెములో ఓడిపోయి, ఆ మనుష్యుని సిపాయిలు ఓడ వద్దకు నడిపించుకొని పోవుట చూడవలసివచ్చెను.

వెండెల్ ఫిలిప్సు కథ యింతకంటె విస్తరింపదగినది. 1811లో జననము, తండ్రి బోస్టను నగరమునకు మొదటి మేయరు, ఆస్తికి కొరతలేదు, హార్వర్డున న్యాయశాస్త్రము నేర్చెను. 1837 నవంబరులో ఇల్లినాయిసు రాష్ట్రమున ఆల్టను పట్టణములో, బానిసత్వమును విమర్శించు లవ్‌జాయ్ అను పత్రికాధిపతిని, ముద్రణయంత్రమును కాపాడుకొనుచుండగా, గుంపు కాల్చిచంపెను. బోస్టనులో సభ చేసిరి. రాష్ట్రపు అటార్నీ జనరలు లేచి ఆ గుంపును, స్వాతంత్ర్యసమరమునకు ముందు తేయాకును సముద్రమున బోసిన దేశభక్తులతో పోల్చెను. ఇరువదియారేండ్ల ఫిలిప్సు వేదికనెక్కి, గోడమీది పూర్వుల చిత్రపటములను చూపించి, ఆ పటములకు నోరుండినచో ఈ దూషణకు బదులు చెప్పెడివని భావము వచ్చునట్లు పలికెను. ఆ దినమునుండి వకీలు వృత్తి వెనుకబడెను. బానిసల చెమటతో పండిన చక్కెర తినలేదు, ప్రత్తి కట్టలేదు. బంధువులు ఆయనకు మతిచలించినదని తలచిరి.

ఆయన భార్య ఆన్ గ్రీన్ నిత్యరోగి. మంచము విడువలేనిదయ్యును మగని ధైర్యమునకు ఆమెయే ఆధారము. 1840లో లండనున జరిగిన ప్రపంచ బానిసత్వవిరోధ మహాసభకు అమెరికానుండి స్త్రీలు ప్రతినిధులుగా పోగా, స్త్రీలను సభలో కూర్చుండనీయమని నిర్వాహకు లనిరి. తడబడకుమని భార్య హెచ్చరింపగా, ఫిలిప్సు స్త్రీలను చేర్చుకొనవలయునని తీర్మానము ప్రతిపాదించి ఓడిపోయెను. స్త్రీలు ప్రక్కగా కూర్చుండి వినవలసివచ్చెను. అట్లు కూర్చున్నవారిలో ఇరువురు, లుక్రీషియా మాట్, ఎలిజబెత్ స్టాంటన్, ఎనిమిదేండ్ల పిమ్మట సెనెకా ఫాల్సునందు స్త్రీస్వత్వముల కొరకు మొదటి మహాసభను గూర్చిరి. బానిసత్వము రద్దయిన తరువాత ఫిలిప్సు విశ్రమింపక కూలివాండ్ర పక్షమున పనిచేయుచు 1870లో గవర్నరు పదవికి నిలిచి ఓడిపోయెను; 1884లో మరణించెను.

ఇపుడు వైద్యుడైన హోమ్సునొద్దకు తిరిగివత్తము. ఆయన ఫిలిప్సునకు రెండవ తరపు దాయాది. ఆయన చేసిన మేలు సామాన్యము కాదు. సూతికాజ్వరమును వైద్యుల చేతులే ఒక బాలింతనుండి మరియొక బాలింతకు మోసికొనిపోవుచున్నవని 1843లోనే, వియన్నాలో సెమ్మెల్వైసు కనిపెట్టుటకు నాలుగేండ్లు ముందుగా, నిదర్శనములతో వ్రాసెను. పెద్ద వైద్యులు పరిహసించిరి, ఆయన వెనుదీయలేదు. అట్టివాడు 1850లో హార్వర్డు వైద్యకళాశాలకు అధ్యక్షుడుగా నుండగా ముగ్గురు నల్లజాతి యువకులను చేర్చుకొనెను. హారియట్ హంట్ అను స్త్రీ ఉపన్యాసములు వినుటకు కూడ సుముఖుడయ్యెను. విద్యార్థులు గోల చేసిరి. ఆమె తన దరఖాస్తును మరలించుకొనవలసివచ్చెను. ఆ ముగ్గురిని అధ్యయనము ముగియకమునుపే పంపివేసిరి. అధ్యక్షుడు తలయొగ్గెను. పదేండ్లకు ఆయనయే విద్య పుట్టుకతో వచ్చునని వ్రాసెను! తలుపు మూసి యుంచిన చేతులకు, లోపలివారికి మాత్రమే చదువు వచ్చుట వింతగా తోపదు కాబోలును.

గణితమును కొంచెము ఆశ్రయింతము. ఆయన కుమారుడు, తండ్రి పేరే గలవాడు, డడ్లీకి ఎనిమిదవ తరము. ఎనిమిది తరములు పైకి పోయినచో ప్రతి మనుష్యునికిని 256 పూర్వస్థానము లుండును. డడ్లీ వానిలో ఒక్కడు. మిగిలిన 255 స్థానములలో దర్జీలు, దుకాణదారులు, అప్పులవారు ఎందరుండిరో యెవ్వరును లెక్కింపరు. మసాచుసెట్సు సంతతికి అందరికిని పంచబడినది రక్తముకంటె ఎక్కువగా హార్వర్డు. సామ్యూలు 1653లో, చానింగు 1798లో, వైద్యుడు హోమ్సు 1829లో, ఫిలిప్సు 1831లో, చిన్నడేనా 1837లో, చిన్నహోమ్సు 1861లో అక్కడ పట్టభద్రులైరి. డడ్లీ సంతకము చేసిన కాగితము ఆయన మనుమలకును మునిమనుమలకును ఆస్తిపత్రమువలె పనిచేసెను. ఆయన మనుమరాండ్రకు మాత్రము ఆ ద్వారము తెరువబడలేదు.

ఇట్టి లెక్కలు పనికిమాలిన వేడుకగా మిగిలియుండినచో బాగుండెడిది. 1877లో డగ్డేల్ అనునతడు న్యూయార్కు రాష్ట్రమున నేరస్థులు పలువురు పుట్టిన ఒక వంశమును 'జ్యూకులు' అను మారుపేరుతో వర్ణించెను; పరిసరములు మార్చినచో మనుష్యులు మారుదురని ఆయనయే నొక్కి చెప్పెను. దాని నెవ్వరు విన్నారు? 1900లో విన్‌షిప్ అను మరియొకడు ప్యూరిటను మతాచార్యుడైన జోనతాన్ ఎడ్వర్డ్సు సంతతివారిని సుమారు 1400 మందిని లెక్కించి, కళాశాలాధ్యక్షులు 13గురు, ఆచార్యులు 65గురు అని పట్టికలు వేసి, జ్యూకుల ప్రక్కన నిలిపెను. ఎడ్వర్డ్సు నాయనమ్మ ఎలిజబెత్ టటిలును భర్త 1691లో విడనాడెననియు, ఆమె సోదరుడొకడు తన తోబుట్టువును గొడ్డలితో నరికెననియు ఆ పట్టికలో కానరాదు. మంచి వంశము, చెడ్డ వంశము అను విభాగము అప్పటినుండి శాస్త్రము వేషము ధరించి శాసనసభలలో ప్రవేశించెను.

చిన్నహోమ్సు సామాన్యుడు కాడు. బానిసత్వమును తుదముట్టించిన అంతర్యుద్ధమున మూడుసారులు గాయపడెను. 1902 మొదలు 1932 వరకు అమెరికా సుప్రీముకోర్టు న్యాయమూర్తి. 1919లో అబ్రామ్సు వ్యాజ్యెమున వాక్స్వాతంత్ర్యమును సమర్థించుచు ఆయన వ్రాసిన భిన్నాభిప్రాయము నేటికిని న్యాయవాదులకు పూజనీయము. అట్టి వాని ముందునకు 1927లో కారీ బక్ అను వర్జీనియా యువతి వ్యాజ్యెము వచ్చెను. పేదరాలు, తల్లి ఎమ్మా మందబుద్ధుల ఆశ్రమమున నుండగా, పరుల యింట పెరిగి, ఆ యింటి బంధువొకడు బలాత్కరింపగా బిడ్డను కనెను. ఆ కళంకమును దాచుటకు ఆమెను గూడ ఆశ్రమమునకు పంపిరి. మందబుద్ధులకు మరల సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయవచ్చునని వర్జీనియా 1924లో చట్టము చేసెను. ఆమె తరపు వకీలు ఆ ఆశ్రమపు పూర్వనిర్వాహకులలో నొకడు. ఒక్క సాక్షినైన పిలువలేదు. ఏడునెలల పసిబిడ్డ వివియన్‌ను చూచిన ఉద్యోగిని ఆ చూపులో ఏదియో తేడా యున్నదని సాక్ష్యమిచ్చెను. తల్లి, కూతురు, మనుమరాలు: మూడు తరములు ఋజువైనవట! మే 2వ తేదీన 86 ఏండ్ల హోమ్సు, ఎనమండుగురు న్యాయమూర్తుల పక్షమున తీర్పు వ్రాయుచు, ఇట్టివారు మూడు తరములు చాలునని నిష్ఠురముగా తేల్చెను. ఒక్క న్యాయమూర్తి మాత్రము సమ్మతింపలేదు. ఎనిమిది తరముల వంశవృక్షము గల యింటివాడు మూడు తరముల పేదయింటి కొమ్మను నరుకుటకు పది నిమిషముల చదువునకు సరిపోవు తీర్పు వ్రాసెను.

అక్టోబరు 19వ తేదీన కారీ బక్కునకు శస్త్రచికిత్స జరిగెను. ఆ తీర్పు బలముతో పలు రాష్ట్రములు అట్టి చట్టములను అమలుజరిపినవి. అమెరికాలో మొత్తము 60,000కు పైబడి మనుష్యులకు ఈ శిక్ష తగిలెను. వర్జీనియా తన చట్టమును 1974లో రద్దుచేసెను. ఆ రాష్ట్రపు గవర్నరు 2002లో క్షమాపణ చెప్పెను. కారీ బక్ 1983లో మరణించెను. ఆమెను ఎరిగినవారు ఆమెయందు బుద్ధిమాంద్యము నేమియు గానలేదు. కూతురు వివియన్ బడిలో చేరి చదువుకొనెను; 1931లో ఒకసారి బాగుగా చదువు పిల్లల పట్టికలో ఆమె పేరు వ్రాయబడెను. మరుసటి యేట, ఎనిమిదేండ్ల ప్రాయమున, జబ్బుచేసి చనిపోయెను.